ట్రైబ్ వేరు, ట్రైబల్ వేరు



ఈ నెల గోడపత్రికకి ఇంగ్లీషు వ్యాకరణం మీద ఎవరైనా రాయాలని చెప్పారు. పొడుపుకథలకీ సామెతలకీ చాలామంది పేర్లిచ్చారు. వ్యాకరణానికి ఎవరూ ఇవ్వలేదు. నేను ఇచ్చాను. ఎందుకంటే రెండు ఇంగ్లీషు మాటల మీద నాకు చాలా రోజులుగా ఒక అభిప్రాయం ఉన్నాది. ఆ మాటలు మన హాస్టల్లో రోజూ వినపడేవే. ఒకటి ట్రైబ్, రెండోది ట్రైబల్. రెండూ ఒకటే కదా, చివర కొంచెం తేడా అంతే కదా అంటారు. నేను ఒకటి కాదంటాను.

ముందు వ్యాకరణం చెప్పేస్తాను. ట్రైబ్ అంటే తెగ. ఇది నామవాచకం. ట్రైబల్ అంటే తెగకు సంబంధించిన. ఇది విశేషణం. ఇంగ్లీషులో కొన్ని నామవాచకాల చివర అల్ చేరిస్తే విశేషణం అవుతుంది. నేషన్ నుంచి నేషనల్, సెంటర్ నుంచి సెంట్రల్, అలాగే ట్రైబ్ నుంచి ట్రైబల్. (అల్ ఉన్నవన్నీ విశేషణాలు కావు. హాస్పిటల్, మెటల్ నామవాచకాలే. పరీక్షలో జాగ్రత్త.) విశేషణానికి పక్కన ఒక నామవాచకం తోడు కావాలి. కొట్టుకెళ్ళి "ఎర్రది" అంటే కొట్టాయన "ఎర్రది ఏటమ్మా, రిబ్బనా, పెన్నా" అని అడుగుతాడు. నేషనల్ అని ఊరుకుంటే నేషనల్ ఏమిటి, జెండాయా, హైవేయా అంటాం. కానీ ట్రైబల్ అని ఊరుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. మనవేపు చూసి సరే అనుకుంటారు. నాకు అక్కడే బాధ.

తెలుగులో ఉన్న తెగ అనే మాట కూడా తమాషా అయినదే. "మా తెగ" అంటే నామవాచకం. "తాడు తెగింది" అన్నప్పుడు క్రియ. "తెగ నవ్వింది" అంటే చాలా నవ్వింది అని, అప్పుడది క్రియకి విశేషణం. కాబట్టి మా తెగ తెగ మాట్లాడుతుంది అని రాస్తే తప్పేమీ లేదు, టీచరు గారు మార్కు వెయ్యాలి. ఇంగ్లీషు ట్రైబ్ కి ఇన్ని వేషాలు లేవు. అది ఎప్పుడూ నామవాచకమే.

ఈ ట్రైబ్ అన్న మాట అడవిలో పుట్టింది కాదు. లాటిన్ భాషలో ట్రైబస్ అనే మాట నుంచి వచ్చింది. పాత రోము నగరంలో ప్రజలని మొదట 3 భాగాలు చేశారని, ఒక్కో భాగాన్ని ట్రైబస్ అన్నారని చెప్తారు. తర్వాత అవి పెరిగి పెరిగి క్రీస్తు పూర్వం 241 నాటికి 35 అయ్యాయి. రోము పౌరుడు అన్న ప్రతివాడూ ఏదో ఒక ట్రైబ్ లో ఉండాల్సిందే, కొన్ని సభల్లో ఓటు కూడా ట్రైబ్ ప్రకారమే. అంటే రాజ్యం ఏలిన పట్నం వాళ్ళే మొదటి ట్రైబులు. బైబిలు చదివే వాళ్ళకి ఇంకోటి చెప్తాను. ఇశ్రాయేలు పన్నెండు గోత్రములు అని మనం చదువుతాం కదా, ఇంగ్లీషు బైబిల్లో అక్కడ ఉన్నది ట్రైబ్ అన్న మాటే. వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గోత్రం అయింది, మన దగ్గరికి వచ్చేసరికి తెగ అయింది. మనకీ గోత్రాలు ఉన్నాయి. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద. ఈ హాస్టల్లో ఒక్కో వరసలో ఇద్దరు పులులు, ఒక సూర్యుడు కూర్చుని అన్నం తింటున్నారు.

ఇప్పుడు మన దేశం సంగతి. రాజ్యాంగంలో 366వ అధికరణంలో 25వ అంశం చూడండి. షెడ్యూల్డు తెగలు అంటే ఏమిటో అందులో చెప్పారు. తెగలు గానీ, తెగ సముదాయాలు గానీ, వాటిలోని భాగాలు గానీ, 342వ అధికరణం ప్రకారం గుర్తించినవి అని దాని భావం. ఇంగ్లీషులో ఆ వాక్యంలో ట్రైబ్స్ అన్న మాటా ఉంది, ట్రైబల్ అన్న మాటా ఉంది. ట్రైబ్స్ ఒంటరిగా ఉంది, ఎందుకంటే అది నామవాచకం. ట్రైబల్ పక్కన మాత్రం కమ్యూనిటీస్ అని తోడు పెట్టారు. ఇంత పెద్ద పుస్తకం రాసిన వాళ్ళు ఒక చిన్న వ్యాకరణం ఎంత జాగ్రత్తగా చూశారో! అయిదో షెడ్యూలులో మన సలహా మండలి పేరు కూడా ట్రైబ్స్ అడ్వయిజరీ కౌన్సిల్ అనే ఉంది. బయట చాలామంది దాన్ని ట్రైబల్ అడ్వయిజరీ కౌన్సిల్ అనేస్తారు. క్విజ్ లో ఎవరైనా అడిగితే ట్రైబ్స్ అని చెప్పండి.

ఒక అక్క నాతో వాదించింది. ఇంగ్లీషులో విశేషణాన్ని మనుషులకి వాడడం ఉంది కదా, ది పూర్ అంటే పేదవాళ్ళు, ది రిచ్ అంటే డబ్బున్నవాళ్ళు, మరి ట్రైబల్స్ అంటే తప్పేటి అంది. మంచి ప్రశ్నే. కానీ పూర్ కి ఎస్ చేర్చరు, పూర్స్ అని ఎవరూ అనరు. ట్రైబల్ కి ఎస్ చేర్చి ట్రైబల్స్ అని పూర్తిగా నామవాచకం చేసేశారు. కొన్ని ఇంగ్లీషు నిఘంటువులు కూడా ఒప్పుకున్నాయి. ట్రైబల్ అంటే తెగకు చెందిన మనిషి, ముఖ్యంగా దక్షిణాసియాలో వాడతారు అని రాశాయి. అంటే ఇది మన దేశం వేపు వాళ్ళు ఎక్కువగా చేసుకున్న నామవాచకం. నిఘంటువు జనం వాడేదాన్ని రాసుకుంటుంది, వాడడం మంచిదా కాదా అని తీర్పు చెప్పదు. కాబట్టి వ్యాకరణం తప్పు అని నేను గట్టిగా అనలేను. అయినా వాడొద్దనే అంటాను.

అయితే ఇండియన్ కూడా విశేషణమే, నామవాచకమే, దాన్ని కూడా మానేద్దామా అని అదే అక్క మళ్ళీ అడిగింది. ఇండియన్ లో దేశం పేరు ఉంది. ఆ మాట పెద్దక్షరంతో మొదలవుతుంది. ఒడియా, తమిళ్, తెలుగు, వీటన్నిటిలో ఒక పేరు ఉంది. ట్రైబల్ లో ఎవరి పేరూ లేదు. చిన్న టి తోనే మొదలవుతుంది. నువ్వెవరు అని అడిగితే "రకానికి చెందినదాన్ని" అన్నట్టు ఉంటుంది. ఏ రకం?

విశేషణం ఏముంది, చిన్న మాట కదా అనుకునేవాళ్ళకి ఒక చరిత్ర చెప్తాను. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అని ఒకటి చేశారు. 1911లో కొత్త చట్టం చేసి దాన్ని మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. అప్పటికి మన ప్రాంతం కూడా మద్రాసులోనే ఉంది. ఇందులో ట్రైబ్స్ నామవాచకం, క్రిమినల్ విశేషణం. దొంగతనం చేసినవాడికి కాదు ఆ విశేషణం, మొత్తం తెగకి. అప్పుడే పుట్టిన బిడ్డకి కూడా అంటుకుంటుంది. మన రాష్ట్రంలో ఎరుకుల వాళ్ళు దాని కింద పడ్డారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలాంటి వాళ్ళని తెచ్చిపెట్టిన ఊరే. పేర్లు రిజిస్టరు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం రద్దు అయింది. చట్టం పోయినా ఆ విశేషణం జనం నోట్లోంచి అంత తొందరగా పోలేదు. ఒక్క మాట పక్కన ఒక్క మాట పెట్టారు, ఎన్ని వేల ఇళ్ళు పాడయ్యాయో చూడండి.

ఏజెన్సీ అన్న మాట కూడా అలాంటిదే, కొంచెం చెప్పి వదిలేస్తాను. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల కింద నుంచి తీసేసి, కలెక్టరు గారిని గవర్నరు ఏజెంటుగా పెట్టి ఆయన చేతికి ఇచ్చారు. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. ఆ పేరు పెట్టి ఎన్నేళ్ళయిందో, మనం ఇంకా ఏజెన్సీ వాళ్ళమే. గాస్ సిలిండర్లు ఇచ్చేది కూడా ఏజెన్సీయే!

ట్రైబల్ అంటే ఏం పోతుందో ఇప్పుడు చెప్తాను. పేరు పోతుంది. మన రాష్ట్రం జాబితాలో 30కి పైగా తెగలు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద షెడ్యూల్డు తెగల వాళ్ళు 10 కోట్ల 40 లక్షల మందికి పైగా, వందకి 8.6 మంది. ఇంతమందిని ఒక్క మాటలో పెట్టేస్తే లోపల ఎవరున్నారో కనపడదు. గదబ వాళ్ళనే తీసుకోండి. ఒకే పేరు గానీ లోపల రెండు భాషలు. గుతోబ్ మాట్లాడే గదబలది ముండా భాషల కుటుంబం, అంటే అది జార్ఖండులో సంతాలీ వాళ్ళ భాషకి చుట్టం. ఒల్లారి మాట్లాడే గదబలది ద్రావిడ కుటుంబం, అంటే తెలుగుకి చుట్టం. కొండదొరల భాషని కూబి అంటారు. దాని మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం వేశారు. పేరులోనే కొండ, కూబి అని రెండూ పెట్టారు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని 1938లో సవర మాటలకి ఇంగ్లీషు అర్థాలు చెప్పే నిఘంటువు తెచ్చారు. అది సవర నిఘంటువు, ట్రైబల్ నిఘంటువు కాదు. చదువుకున్న పెద్దవాళ్ళు అంత శ్రద్ధగా పేరు పెట్టి రాశారు. మనం మన పక్క మంచం అమ్మాయి ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో అడగడం లేదు.

కాఫీ సంగతి చూడండి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదు, అంత విలువ పేరుకి. కాఫీ గింజకి ఊరి పేరు దొరికింది. ధింసా ఆడితే మాత్రం మైకులో "ఇప్పుడు ట్రైబల్ డాన్స్" అంటారు. దానికి ధింసా అని పేరు ఉంది కదా! కూచిపూడి ఆడితే కృష్ణా జిల్లా డాన్స్ అనరు.

మా అమ్మ ఒకసారి ఒక ఆఫీసుకి పని మీద వెళ్ళింది. కిటికీ దగ్గర ఒకాయన "మీరు ట్రైబల్సా" అని అడిగాడు. అమ్మ చదువుకోలేదు. "కాదు బాబూ, మేం కొండదొరలం" అంది. ఆయన కాదు అన్నదొక్కటే విని వేరే వరసలోకి పంపేశాడు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాక ఇది నీ వరస కాదు అన్నారు. ఇంటికొచ్చి నన్నే అడిగింది, "నేను అబద్ధం ఏటైనా చెప్పానా" అని. అమ్మ చెప్పింది నిజమే. వ్యాకరణం ప్రకారం కూడా అమ్మదే సరైన జవాబు. మన సర్టిఫికెట్టు తీసి చూడండి, కొండదొర, బగత, వాల్మీకి, పోర్జ అని తెగ పేరు రాసి, అది షెడ్యూల్డు తెగ అని రాస్తారు. ట్రైబల్ అని ఒక్క మాట రాసి ముద్ర వెయ్యరు. అమ్మ సర్టిఫికెట్టులో ఉన్నట్టే మాట్లాడింది, కిటికీలో ఆయనే మాట్లాడలేదు.

ఇదంతా మాటల గొడవ, దీనివల్ల కడుపు నిండుతుందా అని కొందరు అంటారు. నిండుతుంది. మన బొర్రా గుహలున్న అనంతగిరి వేపు భూములని గనుల కోసం కంపెనీలకి లీజుకి ఇచ్చినప్పుడు కోర్టులో కేసు పడింది. అదే సమత కేసు. మన రాష్ట్రంలో భూ బదలాయింపు నిబంధన 1959 నుంచి ఉంది, 1970లో దాన్ని గట్టి చేశారు. షెడ్యూల్డు ప్రాంతంలో ఒక వ్యక్తి తన భూమిని షెడ్యూల్డు తెగ సభ్యుడికి తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదని అందులో ఉన్నాది. అక్కడ ఇంగ్లీషు మాట పర్సన్. పర్సన్ అంటే మనిషేనా, ప్రభుత్వం కూడా పర్సనేనా? ఈ ఒక్క నామవాచకం మీద పెద్ద వాదన జరిగింది. ప్రభుత్వం కూడా పర్సన్ కిందికే వస్తుంది, కాబట్టి ప్రభుత్వం కూడా ఆ భూములని గిరిజనేతరుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు అని 1997లో సుప్రీం కోర్టు చెప్పింది. ఒక మాటకి అర్థం ఇలా చెప్పారు కాబట్టి మన వేపు భూములు నిలబడ్డాయి. ఆ నిబంధనలో కూడా చూడండి, షెడ్యూల్డు తెగ సభ్యుడు అని ఉంది. సభ్యుడు నామవాచకం, తెగ నామవాచకం.

మరి అందరినీ కలిపి పిలవాలంటే ఏమనాలి? ఇది కూడా న్యాయమైన ప్రశ్న. ప్రతిసారీ 30 పేర్లు చదవలేం. కలిసి అడగాల్సినవి ఉంటాయి, అప్పుడు ఒక్క పేరు కావాలి. గిరిజనులు అంటే కొండల్లో ఉండే జనం అని అర్థం. మరి నెల్లూరు వేపు సముద్రం దగ్గర, చెరువుల దగ్గర ఉండే యానాదులకి కొండ ఎక్కడుంది? నాకు ఆదివాసీ అన్న మాట నచ్చుతుంది. రాజ్యాంగం రాసేటప్పుడు సభలో జైపాల్ సింగ్ ముండా గారు ఆ మాట కోసమే పట్టుబట్టారు. ఆయన జార్ఖండు వేపు ముండా తెగ మనిషి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ కి వెళ్ళిన భారత హాకీ జట్టుకి కెప్టెన్, ఆ ఏడాది మన జట్టుకి బంగారు పతకం వచ్చింది. అంబేద్కర్ గారు 1948 డిసెంబరులో దానికి జవాబు చెప్పారు. ఆదివాసీ అన్నది అందరికీ వాడే మాట, చట్టంలో దానికి ఒక గట్టి అర్థం లేదు, షెడ్యూల్డు తెగ అంటే పేర్లు వరసగా రాసి ఉంటాయి కాబట్టి కోర్టులో నిలబడుతుంది అన్నది ఆయన మాటల సారం. నాకు ఇద్దరూ సరిగానే చెప్పారనిపిస్తుంది. ఒకాయన మనం పెట్టుకున్న పేరు అడిగారు, ఇంకొకాయన పేర్ల జాబితా ఇచ్చారు. ట్రైబల్స్ అని పిలిస్తే చాలు అని ఇద్దరూ అనలేదు.

అక్కలకీ చెల్లెళ్ళకీ ఒక మాట. బయట వాళ్ళ సంగతి తర్వాత. మన హాస్టల్లోనే ఎవరైనా గట్టిగా మాట్లాడితే, చేత్తో గబగబా తింటే, జడ సరిగా వేసుకోకపోతే "ట్రైబల్ లాగ ఉన్నావేటే" అంటున్నారు. అనేది ఎవరు? మనమే. పెందుర్తి వచ్చి రెండేళ్ళు అయ్యేసరికి అది తిట్టు అయిపోయింది. తిట్టాలనుకుంటే బద్ధకస్తురాలా అనండి, గయ్యాళీ అనండి, తెలుగులో తిట్లకి కరువు లేదు.

వార్డెన్ మేడమ్ గార్లకి రెండు విన్నపాలు. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం మైకులో "ట్రైబల్ పేరెంట్స్ ఇటు రండి" అంటారు. ఇక్కడికి వచ్చే పేరెంట్స్ అందరూ ఒకలాంటి వాళ్ళే కదా మేడమ్, ఉట్టి పేరెంట్స్ అంటే సరిపోతుంది. రెండోది, ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం చేస్తాం. ఆ రోజు బేనరు మీద ఇంగ్లీషులో ట్రైబల్స్ డే అని రాయించవద్దు. ఆ డబ్బుతో ఒక పెద్ద చార్టు కొనివ్వండి. మన స్కూల్లో ఎన్ని తెగల పిల్లలు ఉన్నారో, ఒక్కో తెగ వాళ్ళు తమని తాము ఇంట్లో ఏమని పిలుచుకుంటారో, మంచినీళ్ళని వాళ్ళ భాషలో ఏమంటారో మూడు గళ్ళు గీసి రాస్తాం. 9వ తరగతి వాళ్ళం మొదలుపెడతాం. చార్టు పక్కన దారంతో ఒక పెన్సిలు కడతాం. మీ తెగ పేరు లేకపోయినా, స్పెల్లింగు తప్పు ఉన్నా మీరే దిద్దండి. పెన్సిలు మాత్రం ఎవరూ పట్టుకుపోకండి.

— 9వ తరగతి విద్యార్థిని